కామియో అను పట్టీ – ప్రూఫ్ నాణెముల పరీక్ష
(మన సంఘసభలో చేసిన ప్రసంగపాఠము)



2022లో తమిళనాడు పురావస్తు శాఖవారు మన వెంబకోట్టైయందు త్రవ్వకము లారంభించిన నాటినుండి పాత వస్తువులపై మనవారికి మక్కువ హెచ్చినది. పెట్టె యడుగుననున్న నాణెములను వెలికి తీసి వెల విచారించువారు కలరు. వర్తకులు చెప్పిన మాట నమ్మి కొనువారును కలరు. ఆ బేరములలో తరచుగా వినవచ్చు "కామియో" అను మాటకు అర్థమేమో విన్నవించుటకు పూనుకొంటిమి.

ప్రూఫ్ నాణెము చెలామణికి ఉద్దేశింపబడినది కాదు. మెరుగుపెట్టిన అచ్చులతో, సిద్ధపరచిన బిళ్ళపై, ఒకటికి మించిన దెబ్బలతో ముద్రించునది. దాని చదునుభాగము అద్దమువలె మెరయును. బొమ్మయు అక్షరములును మంచు కప్పినట్లు తెల్లగా నిలుచును. ఈ రెంటి భేదమే కామియో. రెండు వన్నెల పొరలుగల రాతిలోను శంఖములోను బొమ్మలు చెక్కు పాశ్చాత్యుల శిల్పమునుండి ఈ పేరు వచ్చినది.

ఈ తెలుపు ఎట్లు పుట్టును? అచ్చునందలి బొమ్మను ఆమ్లముతోనో ఇసుకతోనో గరుకుచేసి, తక్కిన భాగమును నునుపు చేయుదురు. దెబ్బలు పడినకొలది ఆ గరుకు అరిగిపోవును. శివకాశి ముద్రణాలయములలో దిమ్మె అరిగినకొలది బొమ్మ మసకబారుట మన మెరిగినదే. అట్లే ఒకే అచ్చున పుట్టిన తొలి నాణెములకు గాఢమైన కామియోయు, పిమ్మటి వానికి స్వల్పమైనదియు ఉండును. కడపటివానికి అదియు నుండదు. 1950 మొదలు 1970 వరకు అమెరికాలో ముద్రించిన ప్రూఫులలో గాఢమైన కామియో అరుదగుటకు కారణ మిదియే. నేడు లేజరు సాయమున గరుకు చాలకాలము నిలుచుచున్నది గావున క్రొత్త నాణెములకు ఆ పట్టీ ఘనత కాదు.

అమెరికాలో 1986లో పి.సి.జి.ఎస్., 1987లో ఎన్.జి.సి. అను పరీక్షాసంస్థలు పని నారంభించినవి. నాణెపు స్థితికి 70 వరకు అంకె వేయుదురు. కామియో పట్టీ దానికి వేరు. మిక్కిలి గాఢమైన దానిని మొదటివారు డీప్ కామియో అనియు, రెండవవారు అల్ట్రా కామియో అనియు పిలుతురు. రెండు ముఖములందును భేదము స్పష్టముగా నుండవలెను. ఒక ముఖము చాలదు.

మన దేశమున 1950లో బొంబాయి టంకశాల రూపాయి మొదలు పైస వరకు ఏడు ప్రూఫ్ నాణెముల శ్రేణిని ముద్రించెను. 1969 నాటి గాంధీ శతజయంతి పది రూపాయల వెండి నాణెము సామాన్యముగను ప్రూఫుగను వెలువడినది. మెరుపును చూచి సామాన్యమైన దానిని ప్రూఫని కొనరాదు. బొంబాయి ప్రూఫ్ ప్రతిపై ఆంగ్లపు "బి" అక్షరమును వెదుకవలెను.

ఇక ముఖ్యమైన మనవి. పూజాగృహమునందలి ఇత్తడి సామానును తోమినట్లు చింతపండుతోను విభూతితోను నాణెములను తోముట మన యిండ్ల వాడుక. ప్రూఫ్ నాణెమునకు అది మరణమే. ఒక్కసారి గుడ్డతో రుద్దినను అద్దముపై గీతలు పడును, తెలుపు చెదరును. ఆ పిమ్మట ఏ సంస్థయు దానిని మునుపటివలె ఎంచదు. అంచులనే పట్టుకొని, మెత్తని గుడ్డ పరచిన బల్లపైన చూడవలెను.

1907 నుండి వచ్చిన కాంస్యేతరమగు తెల్లని అణా బిళ్ళపై విలువ తెలుగు లిపిలోను చెక్కబడియున్నది. చేతులు మారి అరిగిన ఆ అణాకు ఏ పట్టీయు రాదు. ఐనను తరతరములుగా ఈ సీమలో నిలిచిన మనకు ఆ నాలుగు అక్షరములు అమూల్యములు. పట్టీ నాణెపు మెరుపును మాత్రమే కొలుచునని గ్రహించి, అమ్ముటకు ముందును కొనుటకు ముందును మన కన్నులతో మనమే చూచుకొందము గాక.