రాత్రి ఎగదన్నే ఆమ్లం: వచ్చాక ఎంతసేపు ఉంటుంది?

అన్నవాహిక దాదాపు 25 సెంటీమీటర్ల పొడవుండే కండరాల గొట్టం. అది జీర్ణాశయంలో కలిసే చోట, చివరి 3, 4 సెంటీమీటర్ల మేర ఒక కండర వలయం ఉంటుంది. మింగినప్పుడు సడలి ముద్దను కిందికి వదలడం, ఆ వెంటనే బిగుసుకోవడం దాని పని. ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డంగా ఉండే డయాఫ్రమ్ కూడా అదే చోట చుట్టూ పట్టి ఉంచుతుంది. రెండూ కలిసి తలుపులా పనిచేస్తాయి. అయితే ఏమీ మింగకపోయినా ఈ తలుపు అప్పుడప్పుడు కొన్ని సెకన్లపాటు తెరుచుకుంటుంది. కడుపు నిండి సాగినప్పుడు లోపలి గాలి తేనుపుగా బయటపడే దారి అది. గాలి వెంట జఠరరసం కూడా పైకి వస్తే దాన్నే యాసిడ్ రిఫ్లక్స్ అంటారు. జనం నోట గుండెమంట, పులితేన్పులు, కొన్నిచోట్ల ఉత్తినే ‘గ్యాస్’.

భోజనం తర్వాత ఇలా కాస్త ఎగదన్నడం ఆరోగ్యవంతుల్లోనూ ఉంటుంది. చాలామందికి అది తెలియనైనా తెలియదు, కారణం పగటి పూట శుభ్రం చేసే పని చురుగ్గా సాగడమే. నిలబడిన మనిషిలో ద్రవం తన బరువుకు తానే కిందికి జారిపోతుంది. గుటక వేసిన ప్రతిసారీ అన్నవాహిక అలలా ముడుచుకుంటూ మిగిలినదాన్ని నెట్టేస్తుంది. ఆ గుటకతో దిగే ఉమ్మిలో బైకార్బొనేట్ ఉంటుంది, గోడలకు అంటుకున్న ఆమ్లాన్ని అది విరిచేస్తుంది.

నిద్రలో ఈ మూడూ దాదాపు ఒక్కసారే ఆగిపోతాయి. శరీరం అడ్డంగా ఉంటుంది, గుటకలు అరుదవుతాయి, ఉమ్మి ఊరడం దాదాపు నిలిచిపోతుంది. విశేషమేమిటంటే, తలుపు తెరుచుకోవడం కూడా నిద్రలో తగ్గుతుంది. అంటే పగటికంటే రాత్రి ఆమ్లం పైకి వచ్చేది తక్కువసార్లే. కానీ వచ్చింది తొందరగా దిగదు. అన్నవాహిక లోపలి పూతను దెబ్బతీసేది, అర్ధరాత్రి దగ్గుతో, గొంతులో పులుపుతో లేపేది ఇలా నిలిచిపోయిన ఆమ్లమే. రాత్రి రిఫ్లక్స్‌లో అడగాల్సిన ప్రశ్న ఎంతసేపు ఉందన్నదే.

ఆ ‘ఎంతసేపు’ను కొలిచే పరికరం ఉంది. 1974లో జాన్సన్, డిమీస్టర్ అనే వైద్యులు 24 గంటల పీహెచ్ కొలత పద్ధతిని ప్రచురించారు. ముక్కులోంచి సన్నని తీగను దింపి, కండర వలయానికి 5 సెంటీమీటర్ల పైన సెన్సర్ నిలుపుతారు. నడుముకు కట్టుకున్న రికార్డర్ రోజంతా లెక్క రాసుకుంటుంది. తినేటప్పుడు, పడుకునేటప్పుడు, మంట పుట్టినప్పుడు దానిమీద బటన్ నొక్కాలి. పీహెచ్ 4 కంటే దిగువకు పడితే ఆమ్లం వచ్చినట్టు. ఇలా వచ్చే గ్రాఫ్‌లో పగలు సూదుల్లా సన్నటి గీతలు కిందికి దిగి లేస్తుంటాయి. పడుకున్న తర్వాత గీతలు తక్కువే, కానీ ఒక్కొక్కటి గుంటలా వెడల్పుగా ఉంటుంది. మొత్తం సమయంలో పీహెచ్ 4 కంటే దిగువన గడిచిన వాటా 4 శాతం లోపుంటే మామూలు, 6 శాతం దాటితే జబ్బు అని 2018 నాటి వైద్య నిపుణుల లియోన్ ఒప్పందం గీత గీసింది. 6 శాతమంటే రోజులో దాదాపు గంటన్నర.

తీగ ముక్కులో ఉంటే నిద్ర పట్టడం కష్టం, తిండి కూడా తగ్గుతుంది, దాంతో కొలతే మారిపోవచ్చు. అందుకే తీగలేని క్యాప్సూల్ వచ్చింది. ఎండోస్కోపీ సమయంలో దాన్ని అన్నవాహిక గోడకు చిన్న పిన్నుతో తగిలిస్తారు. 48 నుంచి 96 గంటలు రేడియో సంకేతాలు పంపి, కొన్నాళ్లకు తనంతట తానే ఊడి విరేచనంలో పోతుంది. అది ఒంట్లో ఉండగా ఎంఆర్ఐ తీయకూడదు. ఆమ్లం కాని ద్రవం ఎగదన్నుతోందేమో చూడాలంటే విద్యుత్ నిరోధాన్ని కొలిచే తీగ వాడతారు. ద్రవం తగిలితే నిరోధం పడిపోతుంది, గాలి తగిలితే పెరుగుతుంది.

ఇలాంటి కొలతలకు పడుకున్న భంగిమను కూడా జోడించి ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 2022లో ఫలితాలు వెల్లడించారు. ఎడమకు తిరిగి పడుకున్నా, కుడికి తిరిగినా, వెల్లకిలా ఉన్నా ఆమ్లం వచ్చిన సార్లలో పెద్ద తేడా లేదు. వచ్చిన ఆమ్లం మాత్రం ఎడమవైపు పడుకున్నప్పుడు ఎంతో త్వరగా దిగిపోయింది. జీర్ణాశయం ఎడమకు ఒరిగి ఉంటుంది. ఆ వైపు పడుకుంటే జఠరరసం కింద, తలుపు పైన ఉంటాయి. కుడికి తిరిగితే తలుపు ఆ రసంలోనే మునుగుతుంది. కుడికి తిరిగినప్పుడల్లా మెల్లగా కంపించి పక్క మార్పించే చిన్న పరికరాన్ని ఛాతీ మీద అతికించి కూడా అదే బృందం పరీక్షించింది, రాత్రి బాధ తగ్గినవారి సంఖ్య పెరిగింది.

పరికరం లేకున్నా ఎడమ పక్కకు ఖర్చు లేదు. మంచం తలవైపు కాళ్ల కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల చెక్క దిమ్మలు పెట్టడమూ తేలికే. దిండ్లు దొంతరగా పేర్చడం వేరు. అప్పుడు మెడ, నడుము వంగి పొట్ట నొక్కుకుపోతుంది, ఆమ్లానికి అదే తోపు. రాత్రి పది దాటాక బిర్యానీ తిని వెంటనే నడుం వాల్చడం అన్నిటికంటే చెరుపు. భోజనానికీ పడకకీ మధ్య 3 గంటలైనా ఉండాలి. బరువు ఎక్కువున్నవారిలో అది తగ్గితే పొట్టలో ఒత్తిడి కూడా తగ్గుతుంది.

మాత్రల సంగతిలో వేళే కీలకం. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి ఆమ్లం తయారుచేసే పంపుల్ని మూసేస్తాయి, అయితే ఆ సమయంలో పనిచేస్తున్న పంపుల్ని మాత్రమే. పంపుల్ని మేల్కొలిపేది తిండి. కాబట్టి మాత్ర తర్వాత 30 నుంచి 60 నిమిషాల్లో భోజనం పడాలి. పరగడుపున ఆరింటికి మాత్ర వేసుకుని పదింటికి టిఫిన్ తినేవారికి మందు సగం వృథా. అలాగే నిద్రకు ముందు వేసుకోవడమూ. రాత్రి బాధ ప్రధానమైతే మాత్రను రాత్రి భోజనం ముందుకు మార్చాలా అన్నది వైద్యుడు తేలుస్తారు. ఫామోటిడిన్ అనే మరో రకం మందు పడుకునే ముందు వేసుకున్నా పనిచేస్తుంది, కానీ రోజూ వాడితే కొద్ది వారాల్లోనే దాని పట్టు సడలుతుంది.

మింగడం కష్టమవుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, రక్తం కక్కుకున్నా, నల్లని విరేచనం అయినా ఎండోస్కోపీ ఆలస్యం చేయకూడదు. ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా దాన్ని గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని పడుకోవడం ప్రాణాంతకం కావచ్చు. అలాంటప్పుడు అర్ధరాత్రి అయినా నేరుగా ఆసుపత్రికి వెళ్లి ముందు ఈసీజీ తీయించాలి.