"ఖాళీగా ఉన్నావా నాన్నా?": పది రోజుల మౌనం నాకు నేర్పింది

"అన్నా, పది రోజులు ఫోన్ లేకుండా ఎలా ఉన్నావ్?" అని చాలామంది అడిగారు. ఈ ఎపిసోడ్ దాని గురించే. కానీ అసలు ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

అప్పటికి నేనింకా ఉద్యోగంలో ఉన్నా. ఆ వారం ఆన్‌కాల్ డ్యూటీ నాది. రాత్రి పదకొండున్నరకి సర్వర్ పడిపోయింది. కాల్‌లో అందరూ నా మీదే ఉన్నారు. సరిగ్గా అప్పుడే అమ్మ ఫోన్ చేసింది. కట్ చేశా. మళ్లీ చేసింది. మూడోసారి ఎత్తి, "కొంపలేం మునిగిపోలేదు కదా, ఎందుకలా ప్రాణం తీస్తావ్?" అని అరిచి పెట్టేశా.

నాన్న బాత్రూమ్‌లో జారిపడ్డారని చెప్పడానికి చేసిందట. పక్కింటివాళ్లే ఆసుపత్రికి తీసుకెళ్లారు. చెయ్యి విరిగింది, కట్టు కట్టారు. ఇప్పుడు నాన్న బాగానే ఉన్నారు.

కానీ ఆ రోజు నుంచి అమ్మ నాకు నేరుగా ఫోన్ చెయ్యడం మానేసింది. ముందు వాట్సాప్‌లో "ఖాళీగా ఉన్నావా నాన్నా?" అని పెడుతుంది. ఉన్నా అంటేనే చేస్తుంది. కన్న కొడుకుతో మాట్లాడటానికి పర్మిషన్ అడుగుతోంది. ఆ మెసేజ్ చూసినప్పుడల్లా కడుపులో దేవినట్టు ఉండేది.

కోపం తగ్గాలని వెళ్లా. ఎక్కడికంటే, హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద ఉన్న విపశ్యన కేంద్రానికి. పేరు ధమ్మ ఖేత్త. ఖేత్త అంటే పాళీ భాషలో క్షేత్రం, పొలం. 1976లో మొదలైంది. సాగర్ రోడ్డు కదా, ఇది ఆచార్య నాగార్జునుడి నుంచి వచ్చిన పద్ధతి అనుకున్నా. కాదు. ఇది బర్మా నుంచి మనకి వచ్చింది.

ఈ పరంపర నాకు భలే నచ్చింది. లెడీ సయాడో అని ఒక బౌద్ధ భిక్షువు, 1923లో చనిపోయారు. ధ్యానం మఠాలకే పరిమితం కాకూడదని సంసారులకి కూడా నేర్పించారు. ఆ దారిలో వచ్చిన గురువు సయా తెట్‌జీ ఒక రైతు. ఆయన శిష్యుడు ఉ బా ఖిన్, స్వతంత్ర బర్మాకి అకౌంటెంట్ జనరల్. అంటే గవర్నమెంటు లెక్కలు చూసే పెద్దాఫీసరు. తన ఆఫీసు ఉద్యోగులకే ధ్యానం నేర్పారు. ఆయన దగ్గరికి 1955లో మైగ్రేన్ భరించలేక వచ్చిన వ్యాపారి ఎస్.ఎన్. గోయెంకా. తలనొప్పి తగ్గించుకోవడానికే అయితే చేర్చుకోను అన్నారట గురువు. ఆ గోయెంకాయే 1969లో ఇండియా వచ్చి ఈ కోర్సులు మొదలుపెట్టారు. చూశారా, రైతు, ఆఫీసరు, వ్యాపారి. పని మానేసి అడవికి పోయినవాళ్లు కాదు, మనలాగే పన్లు చేసుకునేవాళ్లు.

ఇక అక్కడి పద్ధతి. వెళ్లగానే ఫోన్ ఇచ్చెయ్యాలి. మాట్లాడకూడదు, సైగలు కూడా చెయ్యకూడదు. పొద్దున నాలుగింటికి గంట కొడతారు. పదకొండుకి భోజనం, సాయంత్రం టీతో ఏదో తేలిగ్గా. రోజుకి దాదాపు పది గంటలు కూర్చోవడమే. తిండికి, ఉండటానికి డబ్బులు తీసుకోరు. కోర్సు పూర్తి చేసినవాళ్లు ఇచ్చే విరాళాలతోనే నడుస్తుంది.

మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరిని గమనించడం. నాలుగో రోజు నుంచి తల దగ్గర మొదలుపెట్టి కాళ్ల దాకా ఒళ్లంతా ఏం తెలుస్తోందో చూడటం. రోజుకి మూడుసార్లు గంటసేపు కదలకుండా కూర్చోవాలి. ఐదో రోజు నా మోకాళ్లు మండిపోయాయి. ఆరో రోజు పారిపోదామని బ్యాగ్ కూడా సర్దుకున్నా. నిజం.

ఆ సాయంత్రం ఒక మాట బుర్రకెక్కింది. వేదన. తెలుగులో వేదన అంటే బాధే. పాళీలో అలా కాదు. ఒంట్లో తెలిసే సుఖమూ వేదనే, నొప్పీ వేదనే, రెండూ కానిదీ వేదనే. బుద్ధుడు చెప్పిన వరసలో వేదన తర్వాత వచ్చేది తృష్ణ. అంటే ఇది కావాలి, అది వద్దు అనే లాగుడు. ఆ రెంటి మధ్యలో ఆగడం నేర్చుకోవడమే ఇక్కడ పని.

ఫోన్ టింగ్‌మంటుంది, మనం అనుకునేలోపే చెయ్యి వెళ్లిపోతుంది కదా? నా కోపమూ అంతే. ఆ రాత్రి నేను అరిచింది అమ్మ మీద కాదు. నా ఛాతీలో అప్పటికే ఒక మంట ఉంది, దాన్ని వదిలించుకోవాలి. దొరికింది అమ్మ. ఇది అర్థమై ఏడుపొచ్చింది. పక్కన ఇంతమంది కూర్చుని ఉన్నారు, తుడుచుకోవడానికి కూడా కదల్లేదు.

ఒక్క విషయం సీరియస్‌గా. డిప్రెషన్ లాంటి వాటికి మందులు వాడుతుంటే అప్లికేషన్‌లో దాచకుండా రాయండి, ముందు మీ డాక్టర్‌ని అడగండి. ఇది వైద్యానికి బదులు కాదు. అందరికీ పడుతుందని కూడా నేను చెప్పను.

పదకొండో రోజు పొద్దున ఫోన్ చేతికి రాగానే అమ్మకి చేశా. మెసేజ్ లేకుండా నేరుగా. ఎత్తగానే "ఏమైంది నాన్నా?" అంది కంగారుగా. సారీ చెప్పా. "ఎప్పటి సంగతో, వదిలెయ్ రా" అంది. అంతే.

నేనేం మారిపోలేదు. రోజుకి రెండు గంటలు కూర్చోమన్నారు, నేను అరగంట కూర్చుంటే గొప్ప. మొన్న పార్కింగ్ దగ్గర ఒకాయన మీద అరిచా కూడా. కాకపోతే, ఛాతీలో మంట లేస్తున్నప్పుడు కొన్నిసార్లు ముందే తెలుస్తోంది. పదిసార్లలో మూడుసార్లు అనుకోండి. ఆ మూడే నాకు లాభం.

అమ్మ ఆ మెసేజ్ ఇంకా పెడుతూనే ఉంది. ఒకసారి పడ్డ భయం పది రోజుల్లో పోదు కదా. నేనిప్పుడు దానికి జవాబు టైప్ చెయ్యట్లేదు. వెంటనే ఫోన్ చేస్తున్నా.

మీ ఇంట్లో కూడా అలా అడిగి ఫోన్ చేసేవాళ్లు ఎవరైనా ఉంటే, ఈ వీడియో తర్వాత చూడొచ్చు, ముందు వాళ్లకి చెయ్యండి. ఉంటా మరి.