చెవుడు కనపడదు, కాగితమే కనపడాలి

(వాడల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాలు లేని మనిషి ఆఫీసుకు పోతే చంకలో కర్ర కనపడుతుంది. చూపు లేని మనిషి పోతే చెయ్యి పట్టుకొచ్చిన పిల్లోడు కనపడతాడు. చెవుడు మాత్రం కనపడదు. "మనిషివి బాగానే ఉన్నావు గదా, నీకెందుకు పింఛను?" అంటారు. అందుకే ఈ రోజు చెవుడు గురించి, దాని హక్కుల గురించి మాట్లాడుకుందాం.

చెవుడు పూర్వజన్మ పాపం కాదు. పసితనంలో చెవి చీము కారితే, కూలి మానుకొని డాక్టరు దగ్గరికి పోలేక నూనె చుక్క వేసి ఊరుకున్నాం. కంకర మిషన్ల దగ్గర, రాతి క్వారీల్లో చెవులకు అడ్డం ఏమీ లేకుండా ఏళ్ళ తరబడి పనిచేశాం. మన చెవులు పేదరికం వల్ల పోయాయి, పని వల్ల పోయాయి. కాబట్టి మనం అడిగేది దానం కాదు, హక్కు.

చట్టం ఏమంటున్నది? 1995 చట్టం స్థానంలో 2016లో కొత్త వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ నష్టం ఉంటే చెవుడు, 60 నుంచి 70 దాకా ఉంటే వినికిడి లోపం అని అందులో రాశారు. 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే సర్కారు ఉద్యోగాల్లో వికలాంగుల 4 శాతంలో మనకు 1 శాతం వాటా ఉంది. మన వాడల్లో చదువుకున్న పిల్లలకు ఈ సంగతి చెప్పాలె.

శాతం ఎట్లా కడతారో తెలుసుకోవాలి. బాగా వినపడే చెవికి అయిదు వంతులు, తక్కువ వినపడే చెవికి ఒక వంతు లెక్క. ఒక చెవి పూర్తిగా పోయి రెండోది బాగుంటే వచ్చేది సుమారు 17 శాతమే. ఆ మనిషిని "నీకు పింఛను ఇప్పిస్తా" అని బ్రోకరు డబ్బులు గుంజుతాడు. ఒక్క పైసా ఇవ్వొద్దు.

ఇక పింఛను. ఆంధ్రలో 2024లో 6,000 రూపాయలు చేశారు, 40 శాతం ఉంటే చాలు. తెలంగాణలో 2023లో 4,016 చేశారు. అయితే 2014 ఆసరా నిబంధనల్లో మిగతా వికలాంగులకు 40 శాతం పెట్టి, చెవుడున్నోళ్ళకు 51 శాతం పెట్టారు. ఈ తేడా ఎందుకు? అడగాల్సిన ప్రశ్నే.

పని ఎట్లా మొదలుపెట్టాలి? మీసేవలోనో, ఆంధ్రలో అయితే సచివాలయంలోనో దరఖాస్తు పెట్టి పరీక్ష తేదీ తీసుకోవాలి. రసీదు దాచుకోవాలి. చీము కారుతుంటే ముందే వైద్యం చేయించుకోవాలి, గులిమి తీయించుకోవాలి. పరీక్షలో చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి చిన్న చప్పుళ్ళు వినిపిస్తారు. వినపడినప్పుడు చెయ్యెత్తాలి, లేనప్పుడు ఊరుకోవాలి. భయపడి ఊహించి ఎత్తితే మన శాతమే తగ్గుతుంది. వినపడినా వినపడనట్టు నటించొద్దు. అనుమానం వస్తే బెరా పరీక్ష చేస్తారు. అందులో తలకు తీగలు పెట్టి నేరుగా చూస్తారు, మనం చెప్పేది ఏమీ ఉండదు.

క్యాంపులో ఇంకో తమాషా. పేరు నోటితో పిలుస్తారు! పలకకపోతే రాలేదని రాసుకొని పక్కవాళ్ళను పిలుస్తారు. పిలిస్తే వినపడేవాడికి ఆ కాగితంతో పనేముంది? అందుకని ఎవర్నీ ఒంటరిగా పంపొద్దు. సైగలు తెలిసిన ఇంటిమనిషిని, ఒక కార్యకర్తను తోడు పంపాలి.

కాదంటే ఎందుకు కాదన్నారో రాసిమ్మని అడగాలి. రాతపూర్వకంగా కారణం చెప్పాలని రూల్సే అంటున్నాయి. గడువు లోపల అప్పీలు చేసుకోవచ్చు. 2025లో ఆంధ్రలో వికలాంగ పింఛన్లను మళ్ళీ తనిఖీ చేసి, శాతం తగ్గిందని ఆగస్టులో ఎంతోమందికి నోటీసులిచ్చారు. జనం రోడ్డెక్కారు. అప్పీలు చేసుకునే అవకాశం ఇచ్చారు. నోటీసు వచ్చిందని ఇంట్లో కూర్చుంటే పింఛను పోతుంది, అప్పీలు పెడితే నిలబడొచ్చు.

మిషన్ల చప్పుడుతో వచ్చే చెవుడు కార్మిక పరిహార చట్టంలో వృత్తి రోగంగానే ఉండేది. 2025 నవంబరు 21 నుంచి అమలైన సామాజిక భద్రతా కోడ్‌లోనూ వృత్తి రోగాలకు పరిహారం ఉంది. అందుకే క్వారీలో పనిచేసేవాళ్ళు ఎక్కడ, ఎన్నేళ్ళు చేశారో హాజరు చీటీలు, కూలి చీటీలు దాచుకోవాలి.

చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు అని సామెత చెప్పి మనవాళ్ళను వెక్కిరిస్తారు. దరఖాస్తులు పెట్టీ పెట్టీ మేమైతే ఒకటి చూశాం: అసలు వినపడనిది ఆఫీసుకే. ఆ చెవిలో ఒక్కడు అరిస్తే చాలదు.

ఈ పదిహేను రోజుల్లో ప్రతి కార్యకర్త తన వాడలో ఇల్లిల్లూ తిరిగి చెవుడున్నోళ్ళ జాబితా రాయాలి. పేరుకు బదులు "చెవిటోడు", "చెవిటిది" అని రాయొద్దు, అమ్మానాన్నలు పెట్టిన పేరే రాయండి. ఎవరికి సర్టిఫికెట్టుంది, ఎవరికి లేదు, ఎవరి దరఖాస్తు ఎక్కడ ఆగింది, అన్నీ అందులో ఉండాలి. ఆ జాబితా పట్టుకొని అందరం కలిసే మండలాఫీసుకు పోదాం.