పుస్తకం చూసి పట్టిన సాన



రిటైరయ్యాక రత్నాలకు సానపట్టడం నేర్చుకుంటున్నాను. నేర్పేవారు దగ్గర్లో లేరు, పుస్తకాలే దిక్కు. ముఖ్యంగా ఖగోళ శాస్త్రవేత్త టామ్ హెర్బ్‌స్ట్ రెండు సంపుటాలుగా రాసిన ‘అమెచ్యూర్ జెమ్‌స్టోన్ ఫేసెటింగ్’. అందులో ఎదురైంది మన హైస్కూలు పాఠమే: సంపూర్ణాంతర పరావర్తనం. (ఆ పటాన్ని పక్కవాడి నోటుబుక్కులోంచి దించుకున్నవాళ్లు ఈ సభలో చాలామందే ఉన్నారు!)

స్ఫటికం వక్రీభవన గుణకం సుమారు 1.54; సందిగ్ధ కోణం దాదాపు 40.5 డిగ్రీలు. రాయి అడుగు పలకలు అంతకన్నా చదునుగా ఉంటే వెలుగు కిందికి జారిపోతుంది. రాయిని పేపరు మీద పెడితే అక్షరాలు చదవొచ్చు. అదే 42, 43 డిగ్రీలకు కోస్తే వెలుగు వెనుదిరిగి మన కంటికొస్తుంది.

96 పళ్ల చక్రంలో ఏ పలకకు ఏ పన్నో పుస్తకం చెబుతుంది. చెయ్యి ఎంత నొక్కాలో మాత్రం సాన చప్పుడే చెప్పాలి.

బజారులో రాయిని క్యారెట్ల లెక్కన కొంటారు. అందుకే వెలుగు పోయినా బరువు మిగిలేలా కోసేవారుంటారు. వాళ్లను తప్పుపట్టను, అది వాళ్ల పొట్టకూడు. నేను అమ్మేవాణ్ణి కాను గనుక పుస్తకం మాటే విన్నాను. మనవరాలి కోసం కోసిన అమెథిస్టు సగానికి పైగా పొడైపోయింది. “ఇంతకీ రాయేదండీ?” అంది మా ఆవిడ.

జేబులోనే ఉంది. భోజనాల దగ్గర చూద్దురుగాని.