ప్లాటు అమ్మేవాడికి లైసెన్సు ఉంది, మన భూమి అమ్మించేవాడికి?

(పాపన్నపేటలో యువతతో మాట్లాడిన మాటలకు రాత రూపం)



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పొద్దుగాల పనులు ఇడిసిపెట్టి తండాల నుంచి వచ్చిన పెద్దలూ, ఇయ్యాల మాట్లాడేది మనందరికీ తెలిసిన మనిషి గురించి. పెండ్లికి వస్తడు, చావుకు వస్తడు, దవాఖానలో డబ్బులు తక్కువైతే సర్దుతడు. ఓ రోజు పొద్దుగాల్నే వచ్చి "కాకా, భూమి ఇస్తవా?" అని అడుగుతడు. ఆయన పేరు దళారి. మనోళ్లు "బ్రోకర్" అంటరు. చట్టం "రియల్ ఎస్టేట్ ఏజెంట్" అంటది.

పాపన్నపేట మండలం అంటే మంజీర ఏడు పాయలుగా చీలే నేల. 1905లో కట్టిన ఘనపూర్ ఆనకట్ట నీళ్లు తాగిన పొలాలు ఈ చుట్టుపక్కలే ఉన్నయి. మన జిల్లాలో నర్సాపూర్, తూప్రాన్ మీదుగా రీజినల్ రింగ్ రోడ్డు వస్తదన్న మాట వినబడ్డప్పటి నుంచి భూమి లెక్క మారిపోయింది. మనం ఇంకా ఎకరాలల్ల మాట్లాడుతున్నం. కొనేటోడు గజాలల్ల మాట్లాడుతున్నడు.

లెక్క ఒకసారి చూడండి. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. అంటే ఎకరం 4,840 గజాలు. ఒక రైతు ఎకరం 20 లక్షలకు ఇచ్చిండనుకుందాం. గజానికి పడేది 413 రూపాయలు. రోడ్లకు, ఖాళీ జాగకు సగం పోయినా 2,420 గజాలు మిగులుతయి. గజం రెండు వేలకు అమ్మినా 48 లక్షల పైన వస్తది. ఇది ఊహకు చెప్పిన లెక్కే గని, గజం లెక్క తెలిసినోడు ఒకడు, తెలియనోడు ఇంకొకడు బేరానికి కూసుంటే ఏమైతదో దీంట్ల కనబడుతది. ఆ తేడా మీదనే దళారి బతుకుతడు. "నీ చేతికి ఇంత, దాని మీద వచ్చింది నాది" అంటడు. పైగా నీ దగ్గర కమీషన్, అవతలోడి దగ్గర కమీషన్.

మరి ఈ మనిషికి చట్టం లేదా అంటే, ఉంది. అది ఎవరి కోసం ఉందో చూడాలె.

2016లో పార్లమెంటు రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం చేసింది. దాన్నే మనం రేరా అంటున్నం. 2017 మే 1 నుంచి మొత్తం అమలులోకి వచ్చింది. తెలంగాణ నియమాలు 2017 జూలై 31న వచ్చినయి. ఇద్దరి నడుమ బేరం కుదిర్చి పైసలు తీసుకునే ఎవరైనా, ఏ పేరుతో పిలిచినా, ఏజెంటే అని ఈ చట్టం చెప్తది. బ్రోకర్, మధ్యవర్తి, డీలర్ అందరూ అందులోనే వస్తరు.

తొమ్మిదో సెక్షన్ ప్రకారం, రిజిస్టర్ అయిన ప్రాజెక్టులో ప్లాటుగానీ ఫ్లాటుగానీ అమ్మించాలంటే ఏజెంటు ముందు తన పేరు రేరాలో నమోదు చేసుకోవాలె. తెలంగాణలో మనిషికైతే ఫీజు 10 వేలు, సంస్థకైతే 50 వేలు. ఐదేండ్లకు చెల్లుతది. వచ్చిన నంబరు తాను చేసే ప్రతి అమ్మకంలో చూపాలె.

పదో సెక్షన్ ఆ ఏజెంటు నడవడి ఎట్లుండాల్నో చెప్తది. రిజిస్టర్ కాని ప్రాజెక్టుల ప్లాటు అమ్మొద్దు. లెక్కల పుస్తకాలు రాసి పెట్టాలె. లేని అనుమతి ఉన్నదని చెప్పొద్దు. ఇయ్యలేని సౌలతు ఇస్తమని ప్రకటన వెయ్యొద్దు. కొనేటోడికి హక్కుగా రావలసిన కాగితాలన్నీ బుకింగ్ నాడే చేతికి అందేటట్టు చూడాలె.

తప్పితే ఏమైతది? 62వ సెక్షన్ ప్రకారం తప్పు సాగినన్ని రోజులు రోజుకు 10 వేలు జరిమానా. అది పెరుగుతూ పెరుగుతూ ఆ ప్లాటు ధరలో 5 శాతం దాకా పోవచ్చు. మోసం చేసినా, అబద్ధాలు చెప్పి రిజిస్ట్రేషన్ తెచ్చుకున్నా, ఆయన మాట విన్న తర్వాత రేరా ఆ రిజిస్ట్రేషనే రద్దు చెయ్యొచ్చు.

దీనికి మనకు దగ్గరి ఉదాహరణ అమీన్‌పూర్. ఒకప్పుడు మన ఉమ్మడి మెదక్ జిల్లాలోనిదే, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. సాహితీ ఇన్‌ఫ్రాటెక్ అనే సంస్థ అక్కడ అనుమతులు రాకముందే "ప్రీ లాంచ్" పేరుతో ఫ్లాట్లకు డబ్బులు వసూలు చేసిందన్న కేసులో, 2022 డిసెంబరులో ఆ సంస్థ అధినేతను పోలీసులు అరెస్టు చేసిండ్రు. 2023లో రేరా ఆ సంస్థకు కోట్ల రూపాయల జరిమానా వేసింది. ప్రీ లాంచ్ అమ్మకాలు సంస్థ యజమాని ఒక్కడే చెయ్యలేడు. మనిషిని నమ్మించి చెక్కు రాయించేది నడుమ ఉన్న ఏజెంట్లే. పదో సెక్షన్‌ల "రిజిస్టర్ కానిది అమ్మొద్దు" అన్న మాట ఉన్నది అందుకే.

ఇప్పుడు అసలు మాటకు వస్త.

ఈ నియమాలన్నీ మళ్లా చదవండి. ఎవరిని కాపాడుతున్నయి? ప్లాటు కొనేటోడిని. పట్నంల ఉద్యోగం చేస్కుంటూ, అప్పు చేసి 200 గజాలు కొనుక్కునే మనిషిని. ఆయనను కాపాడాల్సిందే, తప్పు లేదు. గని ఆ 200 గజాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. అంతకు ముందు అది ఒక రైతు చేను. ఆ చేను అమ్మించిన దళారికి రిజిస్ట్రేషన్ అక్కర లేదు. వ్యవసాయ భూమి బేరం "ప్రాజెక్టు" కిందికి రాదు. ఆయనకు నంబరు లేదు, లెక్కల పుస్తకం లేదు, రోజుకు 10 వేల జరిమానా లేదు. అదే మనిషి, అదే భూమి. చేనుగా ఉన్నన్ని రోజులు ఆయనకు పట్టింపు లేదు, ప్లాటు అయిన రోజు నుంచే నియమం మొదలైతది. పేదోడు అమ్మేటప్పుడు చట్టం నిద్రల ఉంటది, ఉన్నోడు కొనేటప్పుడు లేస్తది.

ఇక మన చేతుల ఉన్నదేమిటి?

ముందు ఒక అపోహ తీసేద్దాం. చాలామంది తమ్ముళ్లు "మనకు 1/70 ఉంది కదా" అంటరు. 1959 నాటి భూ బదలాయింపు నియంత్రణను 1970లో గట్టి చేసిన ఆ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాలకే వర్తిస్తది. ఆదిలాబాద్ గూడేలకు, భద్రాద్రి అడవికి, నల్లమలకు అది గోడ. 1997లో సమత కేసులో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఆ గోడను ఇంకా ఎత్తు చేసింది. మెదక్ జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. ఇక్కడి తండాకు ఆ గోడ లేదు. లేని గోడను నమ్ముకుని నిద్రపోవద్దు.

కానీ వేరే కంచెలు ఉన్నయి. మొదటిది 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం. మన తాతలకు సర్కారు ఇచ్చిన లావణి పట్టా భూమిని అమ్మినా, కొన్నా ఆ బదలాయింపు చెల్లదు. తహసీల్దార్ ఆ భూమిని స్వాధీనం చేసుకుని మళ్లా అసలు పట్టాదారుకు గానీ వారసులకు గానీ ఇయ్యాలె. అయితే గుర్తుపెట్టుకోండి, తిరిగి వచ్చిన భూమిని ఇంకోసారి అమ్ముకుంటే సర్కారుకే పోతది. 2017 డిసెంబరు 29కి ముందు కొన్న భూమిలేని పేదల విషయంలో 2018 సవరణ వేరే దారి ఇచ్చింది. కాబట్టి ఒక్కో కేసు కాగితాలు చూసే మాట్లాడాలె.

రెండోది ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. ఎస్టీ కుటుంబం భూమిని ఎస్సీ, ఎస్టీ కానివాళ్లు అన్యాయంగా ఆక్రమించినా, తమ పేరు మీదికి మార్పించుకున్నా మూడో సెక్షన్ కింద నేరం. ఆరు నెలల నుంచి ఐదేండ్ల దాకా శిక్ష.

మూడోది, జీపీఏ గురించి 2011 అక్టోబరు 11న సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీం కోర్టు చెప్పిన మాట. జీపీఏ రాసుకున్నంత మాత్రాన భూమి హక్కు చేతులు మారదు. ఒక్క జీపీఏ మీద మూడు చేతులు మారిన భూమిని "పక్కా క్లియర్" అని చెప్పే దళారిని ఈ తీర్పు చూపి అడగండి.

నాలుగోది రేరాలోనే ఉంది. ప్రాజెక్టు రిజిస్టర్ చేసే ముందు ఆ భూమి మీద తనకు చట్టబద్ధమైన హక్కు ఉన్నదని బిల్డర్ ప్రమాణ పత్రం ఇయ్యాలె. తన ఏజెంట్ల పేర్లు, చిరునామాలు కూడా ఇయ్యాలె. ఆ వివరాలు రేరా వెబ్‌సైట్‌ల అందరూ చూడొచ్చు. మన సర్వే నంబరు మీద వెంచర్ లేస్తే ముందు అక్కడ వెతకండి. 31వ సెక్షన్ ప్రకారం నష్టపోయిన ఎవరైనా బిల్డర్ మీద గానీ ఏజెంటు మీద గానీ ఫిర్యాదు చెయ్యొచ్చు. ఫీజు వెయ్యి రూపాయలు. ఎస్టీలకు న్యాయ సహాయం ఉచితం, అది 1987 చట్టం ఇచ్చిన హక్కు. 15100కు ఫోన్ చేస్తే దారి చెప్తరు.

ఇప్పుడు కొంచెం చేదు మాట. వింటరనే ధైర్యంతో చెప్తున్న.

తండాకు వచ్చే దళారి ఎప్పుడూ బయటోడే కాదు. డిగ్రీ చదివి, నౌకరి దొరకక, బండి మీద తిరిగే మన తమ్ముడే ఇప్పుడు ఆ పని చేస్తున్నడు. వెంచర్లోళ్లు వానికి ఒక టీషర్టు, ఒక విజిటింగ్ కార్డు ఇస్తరు. "పది ప్లాట్లు అమ్మిస్తే బండి, ఇరవై అమ్మిస్తే కారు" అంటరు. వానికి రేరా నంబరు ఉండదు. ప్రాజెక్టుకు అనుమతి ఉందో లేదో వానికి తెల్వదు. రేపు కేసు అయితే కంపెనీ వకీలును పెట్టుకుంటది. ఊర్ల మేనమామకు, అత్తకు జవాబు చెప్పాల్సింది మాత్రం వాడే. పదో సెక్షన్ తప్పితే జరిమానా పడేది ఏజెంటు మీద, ఆ ఏజెంటు వాడే. తమ్ముడూ, కష్టపడి బతుకుడు తప్పు కాదు. గని నీ చుట్టరికాన్ని పెట్టుబడిగా పెట్టించుకుని లాభం వాళ్లు తీసుకపోతుంటే, అది నౌకరి ఎట్లయితది?

ఈ పని చెయ్యాల్సి వస్తే సక్కగ చెయ్యి. పేరు నమోదు చేసుకో. ప్రాజెక్టు నంబరు లేని ప్లాటు చూపించకు. ఒక్క బేరంల ఇద్దరి దగ్గరా పైసలు తీసుకోకు. ఖాళీ కాగితం మీద ఎవరి సంతకమూ పెట్టించకు. లావణి భూమి అని తెలిస్తే అక్కడే ఆగు.

ఇది ఎక్కడా లేని గొంతెమ్మ కోరిక కాదు. సింగపూర్‌ల 2010లో ఏజెంట్ల కోసమే చట్టం చేసి ప్రత్యేక మండలి పెట్టిండ్రు. అక్కడ ఒక ఏజెంటు ఒకే బేరంల రెండు దిక్కులా ఉండరాదు. ఇల్లు అమ్మిన, కొన్న పైసలు తన చేత పట్టరాదు. ఏ ఏజెంటు మీద ఏ చర్య పడ్డదో ప్రజలు చూసుకునే పట్టీ ఉంటది. మన పక్కన మహారాష్ట్రల ఏజెంట్లు శిక్షణ తీసుకుని పరీక్ష పాసైతేనే రిజిస్ట్రేషన్ అన్న నియమం తెచ్చిండ్రు. మరి తెలంగాణలో ఎందుకు కాదు?

మనం అడగాల్సినవి మూడు. వ్యవసాయ భూమి బేరంల కమీషన్ తీసుకునే ప్రతి మనిషికీ రిజిస్ట్రేషన్ ఉండాలె. చర్య పడ్డ ఏజెంట్ల పేర్లు తెలుగుల, మండలాల వారీగా అందరికీ కనబడాలె. లావణి భూమి బేరం చేసినట్టు రుజువైతే ఆ ఏజెంటుకు మళ్లా రిజిస్ట్రేషన్ ఇయ్యొద్దు.

ఇవి వచ్చేదాకా కూసోలేం. 2018లో చాలా తండాలు గ్రామ పంచాయతీలు అయినయి. గ్రామసభ మన చేతిల ఉంది. ఊరికి ఒక నోటుబుక్కు పెట్టండి. ఊర్లకు వచ్చి భూమి అడిగిన ప్రతి మనిషి పేరు, ఎవరి తరఫున వచ్చిండు, ఏ సర్వే నంబరు అడిగిండు, గజం లెక్కన ఎంత పడుతది, అన్నీ రాయండి. బయానా తీసుకునే ముందు ఆ ఇంటోళ్లు అగ్రిమెంటును చదివినోళ్లతోటి చదివించుకోవాలె. అమ్మవద్దని ఎవరినీ బలవంతం చెయ్యలేం. బిడ్డ పెండ్లికో ఆపరేషన్‌కో అమ్ముకునే ఇల్లు ఉంటది, వాళ్లను నిందించొద్దు. కానీ ఏం అమ్ముతున్నరో, ఎంతకు అమ్ముతున్నరో, నడుమ ఉన్నోడు ఎంత తింటున్నడో తెలిసి అమ్ముకోవాలె.

ఇయ్యాల ఇంటికి పోయినంక మీ ఇంట్ల ఉన్న పాస్‌బుక్కు తియ్యండి. సర్వే నంబరు చూడండి, అది పట్టానో లావణో చూడండి. అమ్మకు, నాయినకు చదివి వినిపించండి. ఆ తర్వాత దళారి వచ్చి గడపల నిలబడితే, మొదటి ప్రశ్న మీరే అడగండి: "అన్నా, నీ రేరా నంబరు ఎంత?"

జోహార్.