ఆడపిల్లల చదువు, త్రాగుడు, పంచాయతీల బాధ్యత

(మంగళగిరిలో గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మంగళగిరి పేరు వినగానే పానకాలస్వామి స్ఫురించును. భక్తులు సమర్పించిన పానకములో సగము మాత్రమే స్వామి స్వీకరించి, తక్కిన సగము ప్రసాదముగా విడిచిపెట్టునని పెద్దల విశ్వాసము. ఎచ్చట ఆగవలెనో తెలిసియుండుటయే మర్యాద యని ఈ కొండ మనకు గుర్తు చేయుచున్నట్లు తోచును. నేడు నేను వేరొక పానమును గూర్చి, దాని చాటున కళాశాలలలో ఆడపిల్లలపై జరుగు అత్యాచారములను గూర్చి మాట్లాడదలచితిని. ఇట్టి విషయము సభలో చెప్పుటకు మనము సంకోచింతుము. ఆ సంకోచమే అపరాధికి కొండంత అండ యగుచున్నది.

ఈ ప్రాంతము నేడు చదువుల సీమ. నంబూరు వద్ద ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయము, వడ్డేశ్వరము, నీరుకొండ, ఐనవోలులలో మరికొన్ని విశ్వవిద్యాలయములు, మంగళగిరిలో అఖిల భారత వైద్య సంస్థ వెలసినవి. మగ్గము నేసి, వరినాట్లు వేసి కూడబెట్టిన సొమ్ముతో తల్లిదండ్రులు తమ కుమార్తెలను ఇట్టి చోట్లకు పంపుచున్నారు. ఆ బిడ్డలు వసతి గృహములలో ఎట్లున్నారో తెలిసికొనుట మన విధి.

2015 జూలై 14వ తేదీన నాగార్జున విశ్వవిద్యాలయ వసతి గృహములో ఆర్కిటెక్చరు మొదటి సంవత్సరము చదువుచున్న విద్యార్థిని యొకతె బలవన్మరణము పొందినది. వేధింపులను గూర్చి తన వేదనను కాగితముపై వ్రాసి యుంచినది. ప్రభుత్వము విశ్రాంత అధికారి బాలసుబ్రహ్మణ్యముగారి అధ్యక్షతన విచారణ సంఘమును నియమించినది. అయినను, ఆ బిడ్డ వ్యథ ఆమె మరణానంతరము గాని లోకమునకు తెలియలేదు. బ్రతికియుండగా బిడ్డ చెప్పుకొనుటకు ధైర్యమిచ్చు ఇల్లు, ఊరు మనము ఏర్పరచవలెను.

వేధింపు పలు రూపములుగా నుండును. అందు త్రాగుడుతో కూడినది మిక్కిలి కుటిలమైనది. పరిచయస్థుడే విందునకు పిలుచును. బలవంతముగనో, కూల్‌డ్రింకులో కలిపియో మత్తు పానీయము ఇచ్చును. ఆమె తూలునపుడు గదికి చేర్చెదనని వెంటబోవును. తెల్లవారిన పిదప, "ఆమెయు త్రాగినది గదా" యని ఒకరు, "వాడు మత్తులో నుండెను, తెలియక చేసినాడు" అని మరొకరు అందురు. ఈ రెండు మాటల వింత చూడుడు. ఒకే త్రాగుడు ఆమెకు దోషము, అతనికి క్షమాపణ యైనది!

చట్టము ఈ తీర్పును అంగీకరింపదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోని 63వ నిబంధన ప్రకారము, మత్తు వలన జరుగునది గ్రహింపలేని స్థితిలో స్త్రీ ఇచ్చిన సమ్మతి సమ్మతియే కాదు. తనంతట తాను త్రాగి నేరము చేసినవాడు మత్తును చూపి తప్పించుకొనుటకు వీలులేదు. అత్యాచారమునకు శిక్ష 10 సంవత్సరములకు తక్కువ కాని కఠిన కారాగారము. అది యావజ్జీవము వరకు పోవచ్చును. ఇంటర్మీడియెట్ చదువు బాలిక వయస్సు 18 సంవత్సరముల లోపైనచో ఆమె సమ్మతి ప్రసక్తియే లేదు. అట్టి నేరము తెలిసియు పోలీసులకు తెలుపకుండుట కూడ 2012 నాటి పోక్సో చట్టము క్రింద నేరమే.

ఇక మన పని యేమి? మొదటిది, రాజీ చేయకుడు. ఊరి పరువు పేరు చెప్పి, సొమ్ము ఇప్పించియో, ఆ నేరస్థునకే పిల్లను ముడివేసియో తగవు తీర్చుట కొన్ని చోట్ల జరుగుచున్నది. అత్యాచారము రాజీపడదగిన నేరము కాదు. దానిపై తీర్పు చెప్పు అధికారము ఏ రచ్చబండకును లేదు.

రెండవది, జాగు చేయక పోలీసులకు, ఆసుపత్రికి చేర్చుడు. నేరము ఎచ్చట జరిగినను, ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు నమోదు చేయవలసినదే. ప్రభుత్వ ఆసుపత్రియైనను ప్రైవేటు ఆసుపత్రియైనను ఉచితముగా చికిత్స చేయవలెను. పరీక్షకు ముందు స్నానము చేయింపక, ధరించిన దుస్తులు ఉతుకక భద్రపరచవలెను. మత్తుమందు జాడలు శరీరమున ఎక్కువ కాలము నిలువవు. 112, 181 నంబర్లు ప్రతి పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపుడు. బాధితురాలి పేరు మాత్రము ఎచ్చటను వెల్లడి కారాదు.

మూడవది, కళాశాలను అడుగుడు. ప్రతి ఉన్నత విద్యాసంస్థలోను లైంగిక వేధింపులను విచారించు అంతర్గత సంఘము ఉండవలెనని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2015లో నిబంధనలు చేసినది. మన రాష్ట్రమునకు 1997 నాటి ర్యాగింగు నిషేధ చట్టము కలదు. ఫిర్యాదును ఉపేక్షించిన సంస్థాధిపతి నేరమునకు తోడ్పడినట్లే యని ఆ చట్టము చెప్పుచున్నది.

నాల్గవది, గ్రామములోని బెల్టు దుకాణములను సహింపకుడు. ఇందుకు మన తల్లులే దారి చూపినారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులలో చదువు నేర్చిన స్త్రీలు రోసమ్మగారు మొదలైనవారి పూనికతో సారా దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1న సారా నిషేధమునకు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకు దారితీసినది. ఆ నిషేధము 1997లో సడలింపబడినను, కూలి స్త్రీలు కూడి నిలిచిన బలము నేటికిని ఆదర్శమే.

చివరి మాట అన్నిటికన్న ముఖ్యమైనది. ఆడపిల్ల నోరు విప్పి చెప్పిన నాడు చదువు మాన్పింపకుడు. "చెప్పినచో ఇంటికి తీసికొనిపోయి పెండ్లి చేసెదరు" అను భయముతోనే ఎందరో బాధను దిగమ్రింగుచున్నారు. తప్పు చేసినవాడు తరగతిలో కూర్చుండి, బాధపడినది వంటయింట కూర్చుండుట న్యాయమా? ఆమెకు జాగ్రత్తలు చెప్పుదము. దానికి రెండింతలుగా మన మగపిల్లలకు మర్యాద నేర్పుదము.

మీరు గ్రామములకు మరలిన పిదప జరుగు మొదటి గ్రామసభలో ఈ విషయము ప్రస్తావింపుడు. తల్లులను ముందు వరుసలో కూర్చుండబెట్టుడు. "అమ్మా, నీకేమి జరిగినను మాతో చెప్పు, నీ చదువు ఆగదు" అని గ్రామపెద్దలు సభాముఖమున పలికిన మాట, వసతి గృహములో ఒంటరిగా కన్నీరు పెట్టు ఏ బిడ్డకైనను ప్రాణాధారము కావచ్చును.