మొటిమలన్నియు ఒకటి కావు

మొగమున ఎఱ్ఱని పొక్కు కనబడినంతనే మన ఇండ్లలో పెద్దలు "ఒంట్లో వేడి చేసినది" అని తీర్పు చెప్పి మజ్జిగ త్రాగింతురు. మజ్జిగవలన కీడు లేదు. కాని పదునాఱేండ్ల పిల్లవాని మొటిమలును, నలుబదేండ్ల తల్లి బుగ్గలపైని పొక్కులును ఒకే వ్యాధి యని తలచరాదు. తల్లికి వచ్చినది రొజేషియా కావచ్చును.

పిల్లవాని సంగతి తెలిసికొనుట సులువు. యౌవనమున హార్మోనుల ప్రేరణచే చర్మమునందలి తైలగ్రంథులు జిడ్డును హెచ్చుగా స్రవించును. అది మృతకణములతో కలిసి రోమకూపమును మూసివేయగా నల్లని లేక తెల్లని చుక్క ఏర్పడును. ఈ చుక్కలే ఆనవాలు. రొజేషియాలో ఇవి ఉండవు. అది సాధారణముగా ముప్పది దాటినవారికి మొగము నడిమి భాగమున, అనగా ముక్కు, బుగ్గలపై వచ్చును. మొగము గుప్పున వేడెక్కి మండును. కొంతకాలమునకు సన్నని రక్తనాళములు పైకి కానవచ్చును. పాశ్చాత్యుల తెల్లని చర్మముపై ఆ ఎఱుపు ఇట్టే తెలియును. మన చామనచాయపై అంతగా తెలియదు. కావున మనము ఎఱుపుకంటె మంటనే ఎక్కువ నమ్మవలెను.

విచిత్రమేమన, పెద్దలు చెప్పు "వేడి" కుఱ్ఱవానికి వర్తింపదు గాని, ఆ తల్లికి కొంత వర్తించును. ఎండ, పొయ్యి సెగ, పొగలు గ్రక్కు కాఫీ, మిరపకారము రొజేషియాను రేపును. అందరికి అన్నియు కాదు. తనకు ఏది పడదో ఎవరికి వారు కనిపెట్టవలెను.

మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్, రాత్రివేళ అడాపలీన్ లేపనములు మంచివి. గర్భిణులు అడాపలీన్ మానవలెను. గుణము కనబడుటకు ఎనిమిది మొదలు పండ్రెండు వారములు పట్టును. ఈలోగా గిల్లినచో మచ్చలు మిగులును. ఇవే మందులు రొజేషియాకు పూసినచో మంట హెచ్చవచ్చును. దానికి మెట్రోనిడజోల్, ఐవర్‌మెక్టిన్ లేక అజెలాయిక్ ఆమ్లపు లేపనమును వైద్యుడు వ్రాసియిచ్చును. ఎండలో గొడుగు, సన్‌స్క్రీన్ తప్పవు.

రెంటికిని శత్రువు స్టెరాయిడ్ కలిసిన లేపనము. తెల్లబడుదుమని కొని పూసికొందురు. మొదట మొగము నిగనిగలాడును. నెలలు గడచినకొలది చర్మము పలుచబడి, మొటిమలు రేగి, రొజేషియావంటి ఎఱుపే మిగులును. 2018లో కేంద్ర ప్రభుత్వము ఇట్టి లేపనములను పెక్కింటిని వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నియమించినది. చిరకాలము వాడినవారు హఠాత్తుగా మానినను బాధ పెరుగును గనుక, చర్మవైద్యుని సలహాతో మానవలెను.

రొజేషియా కన్నులకును సోకవచ్చును. ఇసుక పడినట్లు గరగరలాడి కన్ను ఎఱ్ఱబడినచో, మొగము సంగతి తరువాత చూచుకొనవచ్చును. ముందు కంటివైద్యుని కడకు పోవలెను.